మనిషి చెయ్యి పడకుండా

తూము పక్క షెడ్డు,
ఫిబ్రవరి

ఒరేయ్ లా పాయింటూ,

ఫోను ఎందుకు చెయ్యలేదని అడగకు. ఇక్కడ సిగ్నలు కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఎక్కితే నా మోకాళ్ళు దిగనివ్వవు. పైగా ఫోనులో నేను అరుస్తాను, నువ్వు "చూద్దాంలే అక్కా" అని నములుతావు. కాగితం మీదైతే నువ్వు నమిలింది కూడా కనబడుతుంది.

ముందు మంచి కబురు. తుంగ పూసింది. ఒక మూల కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. నేనిక్కడికి వచ్చిన కొత్తలో నువ్వొకసారి చూశావు కదా, పాడుబడ్డ రొయ్యల చెరువులు, సున్నం కొట్టిన గోడలా తెల్లగా పేలిపోయిన నేల. "ఇక్కడ గడ్డి మొలిస్తే నేను మీసం తీసేస్తాను" అన్నావు. తీసెయ్. లోపలి గట్లు తెగ్గొట్టాం, పోటు నీళ్ళతో ఉప్పు కడిగాం, అత్త ఇచ్చిన పిలకలు నాటాం. ఇప్పుడు ఎండ్రకాయలు నా చెప్పుల్లో కాపురం పెడుతున్నాయి. నిన్న ఒక కొంగ నన్ను చూసి కూడా లేవలేదు. ఇంత మర్యాద తక్కువతనం చూసి నేనెప్పుడూ ఇంత సంతోషపడలేదు.

అత్త ఇంటి ముందున్న ఉప్పునీటి మడలోంచి పిలకలు తవ్వుకుంటుంటే ఆవిడ గట్టు మీద కూర్చుని ఏమందో గుర్తుందా? "ఆడపిల్లని ఇస్తున్నట్టు ఇస్తున్నానే. నీళ్ళు లేని ఇంట్లో పడెయ్యకు." పడెయ్యనని మాటిచ్చాను. ఎన్ని ఏళ్ళయినా ఆ మాట చెవిలోంచి పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల మీ డిపార్టుమెంటు వాళ్ళు వచ్చి, వానలు పడేదాకా ఇందులో ఎవరూ చెయ్యి పెట్టకూడదని సీలు వేస్తారట. బాగానే ఉంది. కానీ తూము సంగతి ఏమిటి? సముద్రపు పాయలోంచి మడలోకి నీళ్ళు రావడానికి ఉన్న దారి అదొక్కటే. తూము మీద నుంచి రోడ్డు పోతోంది. తూముకి అడ్డంగా ఉన్న పలకలు ఎత్తి వదిలేస్తే పోటుకి రోడ్డు కింద మట్టి కోసుకుపోతుందని, మనిషి పక్కనే ఉండి పోటుకి పోటుకి ఎత్తి దించాలని రోడ్ల వాళ్ళ రూలు. మనిషి చెయ్యి పడకూడదని మీ రూలు. చెయ్యి ఉండాలని ఒకరు, ఉండకూడదని ఒకరు. మధ్యలో నా మడ ఎండి చస్తుంది. తూము తీసేసి వంతెన కట్టమని నేను రాసిన అర్జీలు ఆ ఆఫీసులో చెదలు కూడా తిని విసిగిపోయి ఉంటాయి.

నువ్వు ఒక్క వాక్యం రాయిస్తే చాలు. "తూము పలకలు ఎత్తి దించడం మనిషి చెయ్యి కింద లెక్కకు రాదు." అర్జీ పద్ధతి ప్రకారం పైఆఫీసు ద్వారా పంపాను. అది నీ బల్ల మీదికే వస్తుంది. చూడు.

అక్క

—

సెక్రటేరియట్ వెనక వీధి, మేడ మీద గది,
ఫిబ్రవరి

బురదక్కకి,

మీసం తీసేశాను. ఆఫీసులో అందరూ ఎవరు పోయారని అడుగుతున్నారు.

ఆ "మనిషి చెయ్యి పడకుండా" అన్న షరతు రాసింది నేనే. చెప్పలేదు కదూ? "ఒక ఎండాకాలమంతా మనిషి చెయ్యి పడకుండా తనంతట తాను నిలిచినదే బాగుపడిన నేల." దానికోసం పెద్దలతో ఏడాది పోట్లాడాను. ఎందుకంటే అంతకుముందు కంట్రాక్టర్లు ఏం చేసేవాళ్ళో నీకు తెలియంది కాదు. తనిఖీ ముందురోజు ట్యాంకర్లతో నీళ్ళు పోసి, నర్సరీ మొక్కలు బురదలో గుచ్చి, ఫొటోలు తీయించుకుని, మర్నాడు ఆ మొక్కలే ఇంకో చోట గుచ్చేవాళ్ళు. ఒక్క మొక్క నాలుగు అడవుల్లో కనబడింది. అందుకే ఎవరూ గిలిగింత పెట్టకుండా అదే నవ్వాలని రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన మంచి వాక్యం అదొక్కటే.

తూములు నాకు తట్టలేదు. గదిలో కూర్చుని రాసేవాడికి తూములేం తెలుస్తాయి?

నీ అర్జీ ఇంకా చేరలేదు. చేరగానే చూస్తాను. అత్త ఎలా ఉంది? వెళ్ళావా?

తమ్ముడు

—

తూము పక్క షెడ్డు,
మార్చి

ఒరేయ్,

సీలు వేశారు. తనిఖీ ఆఫీసరు మంచివాడిలాగే ఉన్నాడు. మడ చూసి టోపీ తీశాడు. "ఇది చెరువంటే నమ్మలేకపోతున్నానండీ, ఎప్పుడూ మడే అయి ఉంటుంది" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోతుండగానే పలకలు దింపించి, తీగ చుట్టి లక్క ముద్ర వేశాడు. పలకలు ఎత్తే ఇనప కొక్కెం మాత్రం షెడ్డులోనే ఉండనిచ్చాడు. నా మీద నమ్మకమట. నమ్మకం అనేది చాలా చవకగా చేసే కాపలా.

ఇప్పుడు నా పని ఏమిటంటే, షెడ్డు ముందు కుర్చీ వేసుకుని చూడ్డం. జీతం కూడా ఇస్తున్నారు. పౌర్ణమి పోటుకి పాయలో నీళ్ళు తూము పలకల దాకా వచ్చి, తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయాయి. లోపల గుంటల అంచున తెల్ల గీత మొదలైంది. ఉప్పు గీత. ఇంకా పల్చగానే ఉంది. ఏప్రిల్ దాకా ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ఓర్చుకోదు.

అర్జీ చేరిందా?

అక్క

—

మేడ మీద గది,
మార్చి

అక్కా,

ఫైలు నడుస్తోంది. మూడు సంతకాలు కావాలి. ఒకాయన సెలవులో ఉన్నాడు. కంగారుపడకు.

అత్త మడలో ఈ ఏడు తుంగ బాగుందా? చాపలకి కోస్తోందా? నీకు కుదిరితే వెళ్ళి ఒకసారి చూసి రాయి. ఊరికే అడుగుతున్నాను.

తమ్ముడు

—

తూము పక్క షెడ్డు,
ఏప్రిల్

లా పాయింటు గారికి,

గారు ఎందుకంటే, తమరు పెద్ద ఆఫీసరు కాబట్టి. తనిఖీ ఆయన నిన్న వచ్చాడు. నా మొహం చూసి జాలిపడి చెప్పాడు. ఫైలు ఎక్కడా నడవడం లేదట. సెలవులో ఎవరూ లేరట. నా అర్జీ వచ్చిన మర్నాటి నుంచి నీ బల్ల మీదే, నీ చెయ్యి కిందే ఉందట. "మీ తమ్ముడు గారు తలుచుకుంటే ఒక్కపూట పని కదమ్మా" అన్నాడు.

ఎండ్రకాయలన్నీ తూము దగ్గరికి చేరాయిరా. పలకల సందులోంచి ఊరే తడి కోసం. ఒకదాని మీద ఒకటి ఎక్కి, బుట్టలో పోసినట్టు. కొన్ని కదలడం లేదు. తుంగ కొసలు ఎర్రబడ్డాయి. నువ్వేమో ఊరికే అడుగుతున్నానని అత్త క్షేమం అడుగుతున్నావు. చిన్నప్పుడు నువ్వు ఏదైనా పగలగొట్టినప్పుడే అత్త కాళ్ళు పట్టేవాడివి.

ఏం పగలగొట్టావు? నమలకుండా రాయి.

—

మేడ మీద గది,
ఏప్రిల్

అక్కా,

రాస్తున్నాను. పూర్తిగా చదివాకే తిట్టు.

నీ మడకి డబ్బు ఇస్తున్నది రేవు కంపెనీ అని నీకు తెలుసు. పాయ తవ్వి పాడుచేసినందుకు జరిమానా కింద ఇస్తున్నారని నువ్వు అనుకున్నావు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కాదు. అది జరిమానా కాదు, మారకం. ఒక చోట అంతే విస్తీర్ణంలో మడని బాగుచేసి, అది బాగుపడిందని మా సర్టిఫికెట్ తెచ్చుకుంటే, ఇంకో చోట అంత మడని పూడ్చుకోవచ్చు. చట్టంలో అలా ఉంది. వాళ్ళు పూడ్చాలనుకున్నది అత్త మడ. సరుకుల యార్డు కోసం. నిరుడే ఫైల్లో మ్యాపు చూశాను. అత్త ఇల్లు కూడా ఆ గీత లోపలే ఉంది.

నువ్వు అంత ప్రేమగా బతికించిన ప్రతి గజమూ అత్త మడలో ఒక గజం పూడ్చడానికి అనుమతి అవుతుంది. అత్త ఇచ్చిన పిలకలతోనే. ఇది నీకు ఎలా చెప్పను? తుంగ పూసిందని నువ్వు రాసిన ఉత్తరం చదివి మీసం తీసి, కూర్చుని ఏడ్చాను.

నేను అబద్ధం ఏమీ రాయలేదు, ఎవరి సంతకమూ ఫోర్జరీ చెయ్యలేదు. ఒక వాక్యం రాయడం లేదు, అంతే. ఆ వాక్యం రాస్తే నీ మడ పాసవుతుంది, అత్త మడ పోతుంది. రాయకపోతే నీది ఫెయిలవుతుంది, సర్టిఫికెట్ రాదు, అత్తది నిలుస్తుంది. నీది చచ్చినా మళ్ళీ నాటుకోవచ్చు. అత్తది పూడిస్తే అయిపోయినట్టే.

నాకింకో దారి కనబడలేదు.

తమ్ముడు

—

తూము పక్క షెడ్డు,
మే

ఒరేయ్,

రెండు ఉత్తరాలు రాసి చించేశాను. వాటిలో ఉన్నవి తిట్లే కాబట్టి నీకు పెద్ద నష్టం లేదు.

"మళ్ళీ నాటుకోవచ్చు" అన్నావు చూడు, అదొక్కటీ మర్చిపోలేను. నా జుట్టు ఇక్కడే తెల్లబడింది. మారకం సంగతి నిరుడే చెప్పి ఉంటే నేను పని ఆపేసేదాన్ని. లేదా ఆపేదాన్ని కాదేమో. ఏది చేసినా నేను చేసి ఉండేదాన్ని. నువ్వు నా బదులు తేల్చేశావు. ఆఫీసులో వాళ్ళు మనకి చేసేదే నువ్వు నాకు చేశావు.

అత్త దగ్గరికి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. తుంగ కోసి ఆరబెడుతోంది. నడుం పడిపోయింది కానీ నోరు పడిపోలేదు. నన్ను చూడగానే "ఏమే, నా పిల్ల ఎలా ఉంది?" అంది. నా క్షేమం కాదు, తుంగ క్షేమం. "బాగుంది" అన్నాను. "పూసిందా?" అంది. "పూసింది" అన్నాను. ఫిబ్రవరిలో పూసిన మాట నిజమే కదా. చాప చివర ముడి వేస్తూ నవ్వుకుంది. అక్కడ నీళ్ళు మోకాలి లోతున్నాయి. ఎవరూ పలకలు ఎత్తక్కర్లేదు, ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు. చెప్పలేక వచ్చేశాను.

తిరిగొచ్చి కొక్కెం తీసుకుని తూము మీదికి వెళ్ళాను. అమావాస్య పోటు. అవతల నీళ్ళు నిండుగా ఉన్నాయి. చుట్టుపక్కల కాకి లేదు. తీగ తెంచడానికి నాకు పళ్ళు చాలు. కొక్కెం పలకకి తగిలించి కూడా అలా నిలబడిపోయాను. ఎత్తితే అత్తని ముంచినదాన్ని అవుతాను. ఎత్తకపోతే అత్తకి ఇచ్చిన మాట తప్పినదాన్ని అవుతాను. పోటు తీసేదాకా నిలబడి, కొక్కెం తీసి, షెడ్డులో గోడకి తగిలించేశాను.

ఎత్తలేదు. నువ్వు గెలిచావు. నాకు ఉత్తరాలు రాయకు కొన్నాళ్ళు.

—

మేడ మీద గది,
జూన్

అక్కా,

రాయొద్దన్నావని తెలుసు. ఇది ఉత్తరం కాదు, కబురు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. "తనంతట తాను నిలవలేదు" అని తనిఖీ ఆయన రాశాడు. కంపెనీకి నోటీసు వెళ్ళింది. అత్త మడ జోలికి ఎవరూ రారు.

నన్ను క్షమించమని అడగను. అత్త ఇల్లు ఉంది, అది చాలు నాకు.

తమ్ముడు

—

తూము పక్క షెడ్డు,
జూన్

ఒరేయ్,

కబురు అందింది. సీలు తీశారు. లోపలికి వెళ్ళి నడిచాను. కాలు పెడితే పెంకు విరిగినట్టు చప్పుడు. తుంగ నిలబడే ఉంది, కానీ పట్టుకుంటే చేతిలోకి వచ్చేస్తోంది. ఎండ్రకాయల డొల్లలు తూము దగ్గర ఊడ్చి పోసినట్టున్నాయి. వాసన వస్తోంది. ఊపిరి బిగపట్టి వాటిని పారతో ఎత్తి పాతిపెట్టాను. ఎవరూ చెప్పలేదు, నాకే చూడబుద్ధి కాలేదు.

వానలు ఆ మర్నాడే మొదలయ్యాయి. ఇంతకన్నా వెక్కిరింపు ఇంకొకటి ఉండదు.

అత్త మడ నిలిచిందన్నావు. సరే. ఆ ఒక్క మాట మీదే రోజులు గడుపుతున్నాను. కోపం ఉంది, ఉంటుంది. అయినా అన్నం తింటున్నావా లేదా రాయి.

అక్క

—

మేడ మీద గది,
సెప్టెంబరు

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

కంపెనీ ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. ఇవాళ తీర్పు వచ్చింది. వాళ్ళ లాయరు వాదించింది ఒక్కటే మాట. మడ బాగుపడిందనడానికి ఫిబ్రవరి ఫొటోలున్నాయి, తనిఖీ ఆఫీసరే మెచ్చుకున్నాడు. మరి ఎందుకు చచ్చింది? తూము మీద మనిషి చెయ్యి ఉండాలని ఒక డిపార్టుమెంటు అంది, ఉండకూడదని ఇంకోటి అంది. పాటించడం ఎవరి తరమూ కాని షరతు పెట్టి, తప్పినందుకు శిక్షిస్తారా? దాన్ని సరిదిద్దమని మడని పెంచిన మనిషే అర్జీ పెడితే, ఎండాకాలమంతా దాన్ని బల్ల మీద ఉంచుకున్నదెవరు?

నన్ను బోనులోకి పిలిచారు. ఎందుకు ఆలస్యం చేశావని అడిగారు. నిజం చెబితే, ప్రభుత్వోద్యోగి కావాలని ఒక మడని చంపాడని కేసు ఇంకా బలపడుతుంది. చెప్పకపోతే చేతకానివాణ్ణి. చేతకానివాణ్ణయ్యాను. "పని ఒత్తిడి" అన్నాను. జడ్జీగారు నా వైపు కూడా చూడలేదు.

తప్పు ప్రభుత్వానిదే కాబట్టి కంపెనీ తన వంతు చేసినట్టే లెక్క అన్నారు. అనుమతి ఇచ్చేశారు. నా మంచి వాక్యాన్ని తీర్పులో మొత్తం చదివి మరీ కొట్టేశారు.

నేను ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే అత్త మడ పోయేది, నీదైనా ఉండేది. రాయకుండా రెండూ పోగొట్టాను. ఎవరికీ లేని తెలివి నాకే ఉందనుకున్నాను. అత్తకి నువ్వే చెప్పాలి. నాకు మొహం లేదు.

తమ్ముడు

—

అత్త ఇంటి అరుగు,
అక్టోబరు

ఒరేయ్,

చెప్పక్కర్లేకపోయింది. నేను వచ్చేసరికే లారీలు వచ్చి ఉన్నాయి. అవతలి చివర నుంచి రాళ్ళూ మట్టీ పోసుకుంటూ వస్తున్నాయి. నీళ్ళు ఇటువైపు తోసుకొస్తున్నాయి. చేపలు అరుగు దాకా వచ్చాయి. అత్త వాటిని చీపురుతో వెనక్కి తోస్తోంది, "పోండే, పోండి" అంటూ. ఎక్కడికి పొమ్మంటోందో ఆవిడకే తెలియదు.

అన్నీ చెప్పాను. నాది ఎండిపోయిన సంగతీ, నువ్వు చేసిందీ, నేను కొక్కెం పట్టుకుని నిలబడ్డదీ.  చివర్లో అంది:

"ఇచ్చిన పిల్లని ఎండగట్టారు. ఉన్న పిల్లని పూడుస్తున్నారు. ఇద్దరూ చదువుకున్నారు కదే, ఒక్కళ్ళైనా నన్నడగలేదేం?"

నిజమేరా. నువ్వు నన్నడగలేదు, నేను ఆవిణ్ణడగలేదు. ఎవరి మడ ఇది? నువ్వు బల్ల ముందూ నేను తూము మీదా ఉండి ఆవిడ బదులు తేల్చేసుకున్నాం.

సామాన్లు సర్దుతున్నాను. కంపెనీ కాలనీలో ఒక గది ఇచ్చారు. నువ్వు రావద్దంది. కోపంతో కాదట, చూస్తే జాలిపడాల్సి వస్తుంది, ఇప్పుడు ఓపిక లేదంది.

అక్క

—

మేడ మీద గది,
జనవరి

అక్కా,

నన్ను వేరే సెక్షన్‌కి మార్చారు. పాత రికార్డులు. కిటికీ లేదు. నాకు తగిందే.

ఒక సంగతి రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. "బాగుచేయదగిన నేలలు" అని ఆఫీసు ఏటా ఒక జాబితా వేస్తుంది, కంపెనీలు ఎంచుకోవడానికి. ఈ ఏడు అందులో నీ మడ ఉంది. చచ్చిపోయింది కాబట్టి మళ్ళీ ఖాళీ నేల కింద లెక్కట. ఇంకో కంపెనీ అప్పుడే అడిగింది. వాళ్ళు వేరే ఎక్కడో ఏదో పూడ్చాలి. పని నీకే ఇస్తారట, అనుభవం ఉంది కదా అని. తనిఖీ ఆయనే నీ పేరు చెప్పాడు, మంచి మనసుతోనే.

ఒప్పుకుంటావా?

తమ్ముడు

—

తూము పక్క షెడ్డు,
ఫిబ్రవరి

ఒరేయ్ లా పాయింటూ,

వాళ్ళు వచ్చి అడిగారు. ఇంకా ఏమీ చెప్పలేదు. మొదటి ప్రశ్న నేనే వేశాను. ఈసారి పూడ్చేది ఎవరి మడ, అక్కడున్న వాళ్ళకి చెప్పారా అని. ఫైలు అటూ ఇటూ తిరగేశారు. రెండో ప్రశ్న అడిగాను. పిలకలు ఎక్కణ్ణుంచి తెస్తారు? "నర్సరీలో దొరకవా మేడమ్?" అన్నారు. ఈ ఉప్పు నీళ్ళని తట్టుకునే తుంగ అత్త మడలోదే. పాయ వెంట రెండు వైపులా నడిచి చూశాను. ఎక్కడా లేదు. అత్త మడ మీద ఇప్పుడు సరుకుల ఇనప పెట్టెలు మేడలా పేర్చి ఉన్నాయి.

నిన్న అత్త గదికి వెళ్ళాను. కాలనీలో అన్నీ ఒకలాంటి తలుపులే. తనది గుర్తుపట్టడానికి గుమ్మం ముందు తుంగచాప ముక్క వేసుకుంది. వెనకాల బట్టలుతికే చోట ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు, దాని నిండా తుంగ. పచ్చగా, ఒత్తుగా, పూత మీద ఉంది. లారీలు వస్తున్న రోజే చీపురు పక్కన పడేసి ఒక దుబ్బు పెరికి తెచ్చుకుందట. సామాన్లు సర్దుతున్న నాకే కనబడనివ్వలేదు.

మొత్తం ఈ లోకంలో మిగిలింది అదే కావచ్చు. అడగకుండా ఉండలేకపోయాను. "అత్తా, రెండు పిలకలు ఇస్తావా?" అన్నాను.

చేతులు చీరకి తుడుచుకుంది. టబ్బుకీ నాకూ మధ్య నిలబడింది. "ఒకసారి ఇచ్చాను కదే" అంది.

కాఫీ ఇచ్చింది, తాగాను. నీ సంగతి అడిగింది, అన్నం తింటున్నాడా అని. తింటున్నాడన్నాను.

ఈ కాలనీ కుళాయి నీళ్ళకి ఆ తుంగ బతకదు, ఉప్పు నీళ్ళే కావాలి. అందుకని ఆ నడుంతో రోజూ పొద్దున్నే పాయ దాకా వెళ్ళి, బిందెడు నీళ్ళు చంకన పెట్టుకొచ్చి, తన చేత్తోనే పోస్తోంది.

అక్క